నొప్పి లేదు సార్

జూన్ 11

ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా ఎముకల చక్రవర్తిగారి దర్శనం కోసం బాపూ నేనూ ప్లాస్టిక్ కుర్చీల్లో తపస్సు చేశాం. దర్శన భాగ్యం కలిగింది రెండు నిమిషాల పది సెకన్లు. ఫోన్‌లో కొలిచి మరీ రాస్తున్నాను. నా ఆఫీసు సెలవు మాత్రం పూర్తి రోజుది.

చక్రవర్తిగారు బాపు పాదాన్ని చూడలేదు. పాదం ఫొటోను చూశారు. ఎక్స్‌రేని కిటికీ వైపు ఎత్తి, ఇష్టంలేని పెళ్లి సంబంధం ఫొటో చూసినట్టు ఒక్క క్షణం చూసి, కవర్లో పెట్టేశారు.

"లిగమెంట్ ఖించ్ గయా" అని తీర్పు, అంటే పాదం బెణికిందట. "దర్ద్ హై, చాచా?"

"నొప్పి లేదు సార్" అన్నాడు బాపు తనకొచ్చిన హిందీలో, మెడల్ అందుకుంటున్నంత గర్వంగా.

"బస్, ఫిర్ క్యా!" అని నవ్వి, చీటీ మీద నొప్పి మాత్రలు రాశారు. నొప్పి లేదన్న మనిషికి నొప్పి మాత్రలు. పైన చుట్టుకోవడానికి ఒక క్రేప్ బ్యాండేజీ. పదిహేను రోజులు రెస్టు తీసుకుని మళ్లీ రావాలట. వాచిన పాదం బల్ల కింద తువ్వాల కప్పుకుని కూర్చుంది. ఇంతసేపూ దాన్ని ఎవరూ పలకరించలేదు.

లోపలికి పంపే ముందు రిసెప్షన్‌లో రెండు పేజీల ఫారం ఇచ్చారు, గుజరాతీలో. నేత పనికని ఇటు వలసొచ్చిన బాపుకి గుజరాతీ చదవడం రాదు కాబట్టి, కూతురిగా ఆయన జీవితాన్ని నేనే నాలుగు నిమిషాల్లో పూర్తిచేశాను. పేరు రాజనర్సు. వయసు యాభై రెండు. పని నేత. షుగర్ ఉంది, కంట్రోల్‌లో ఉంది. తక్కినవన్నీ టిక్కు, టిక్కు, టిక్కు. నా బీకాం ఇలాగైనా ఒకరికి పనికొచ్చింది.

ఇదంతా తెలుగులో రాస్తున్నది భాషాభిమానంతో కాదు. నేను చీరల డిజైన్లు గీసే ఆఫీసులో పక్క సీటు అమ్మాయికి తెలుగు రాదు, అంతే.

జూన్ 14

వాపు తగ్గలేదు. అమ్మ తగ్గిందంటోంది. బాపు తగ్గిందంటున్నాడు. వాచింది నా కళ్లేమో.

జూన్ 19

బాపు పాదం గురించి చరిత్రకారులెవరూ రాయలేదు కాబట్టి ఆ పుణ్యం నేనే కట్టుకుంటాను.

ఉధ్నాలో బాపు పనిచేసే ఖాతాలో, అంటే నేత షెడ్డులో, నలభై నాలుగు సాంచాలు, కరెంటు మగ్గాలు. అన్నీ నడుస్తుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. అక్కడ అందరూ చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. ఆ హోరులో బాపు చెప్పులు విప్పి, వరసల నడుమ, గోడవారగా నేల మీద నిలబడతాడు. కాసేపటికి ఏడు వేళ్లు చూపించి, ఆపమని చెయ్యి ఊపుతాడు. ఏడో నంబరు ఆపి చూస్తే, అందులో ఏదో ఒకటి సడలి ఉంటుంది. ఇంకో పది నిమిషాలు నడిస్తే బీము మీది పడుగు దారాలన్నీ తెగిపోయేవి. నేల అదురులో తేడా ఆయన అరికాలికి తెలుస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు సేఠ్ ఆయన్ని చూపించి "ఇస్‌కా పైర్ దేఖో", వీడి పాదం చూడండి, అంటాడట. మిగతావాళ్లకు ఎనిమిదేసి సాంచాలు. బాపుకు పన్నెండు.

ఆ మహత్తర పాదం ఇప్పుడు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని రోజూ పన్నెండు గంటలు నిలబడి వస్తోంది.

"డాక్టరు రెస్టు తీసుకోమన్నడు గదా" అన్నాను.

"రెస్టంటే ఏంది? నేనేమన్న ఉరుకుతాన్నా? నిలవడుతాన గంతే."

"నిలవడుడు రెస్టా బాపూ?"

"నొప్పే లేదు బిడ్డా. నొప్పున్నోనికి గద రెస్టు."

ఇంత గట్టి తర్కం మా కాలేజీలో ఒక్క లెక్చరరూ చెప్పలేదు. వంటింట్లోంచి అమ్మ అంది: "మీ అయ్యకు చెప్పినా ఒకటే, సాంచకు చెప్పినా ఒకటే. అదన్న కరెంటు పోతే ఆగుతది."

జూన్ 27

రెండో దర్శనం. మూడు గంటల నిరీక్షణ. మూడు నిమిషాలు (ప్రగతి).

ఈసారి పాదం ఎర్రగా ఉంది. చక్రవర్తిగారు కుర్చీలోంచే మెడ చాచి, బల్ల అంచు మీదుగా దాన్ని తిలకించారు. బావిలో బిందె పడిందా లేదా అని చూసినట్టు. "ఇన్‌ఫెక్షన్" అన్నారు. లిగమెంట్ ఏమైందో చెప్పలేదు. బహుశా రాజీనామా చేసి ఉంటుంది. యాంటీబయాటిక్స్ పది రోజులకు.

"నడుస్తున్నారా, రెస్ట్‌లోనే ఉన్నారా?" అని నన్ను అడిగారు.

బాపు నా వైపు చూసి కన్ను కొట్టాడు. నిజంగానే. యాభై రెండేళ్ల మనిషి.

"రెస్టే సార్" అన్నాను.

ఇదేం పెద్ద అబద్ధం కాదు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్నాడు. అసలు వాపు చూస్తే డాక్టరుకు తెలియదా నడుస్తున్నాడో లేదో? తెలుసుకోవడం ఆయన పని. ఇంతింత పెద్ద సర్టిఫికెట్లు గోడకు వేలాడదీసింది అందుకే కదా.

జూలై 2

అమ్మ వైద్యం మొదలైంది. ఉప్పు వేసిన వేడినీళ్లు బకెట్లో. ఎంత వేడో చూద్దామని వేలు ముంచి "అబ్బా" అని తీసేసింది, వేలు కమిలింది. చల్లనీళ్లు కలుపుదామని చెంబు తెచ్చేలోపు బాపు పాదం పెట్టేశాడు. పెట్టి, టీవీ చూస్తున్నాడు.

"కాలుతలేదా?" అంది అమ్మ.

"ఏం కాలుడు? గోరువెచ్చగున్నయ్."

హిమాలయాల్లో ఉండాల్సిన యోగి పొరపాటున మా లింబాయత్ బస్తీలో తేలాడని అందరం నవ్వుకున్నాం. నేనే ఎక్కువ నవ్వాను.

జూలై 5

పాదం పక్కన నిమ్మకాయంత బొబ్బ.

జూలై 8

కోపంలో పెన్ను కాగితాన్ని చింపుతోంది. నెమ్మదిగా రాస్తాను.

మూడో దర్శనం. కొత్త ఎక్స్‌రే. చక్రవర్తిగారు దాన్ని వెలుతురుకు ఎత్తారు, ఈసారి కాస్త ఎక్కువసేపు. మొహం మారింది. పాదం మధ్య ఎముకలు జరిగిపోయాయట, ముక్కలు కనిపిస్తున్నాయట, పైన పుండు కూడా ఉంది కాబట్టి "పాదం తీసేయాల్సి రావచ్చు. ఈ రోజే అడ్మిట్ చేయండి."

పాదం తీసేయడం. టేబుల్ మీది పేపర్‌వెయిట్ తీసి పక్కన పెట్టినంత మామూలుగా చెప్పారు.

బాపుకి అర్థమైందో లేదోనని నేను తెలుగులో చెప్పబోయాను. ఆయనకు నేను చెప్పకుండానే అర్థమైంది. "నొప్పి లేదు సార్" అన్నాడు మళ్లీ. ఈసారి గర్వం లేదు, బతిమాలుతున్నాడు.

"సార్, ఒక్కసారి చేత్తో పట్టుకొని చూడండి" అన్నాను.

"ఎక్స్‌రే చూశాను కదా బేటా."

"ఎక్స్‌రే కాదు సార్. కాలు. నెల రోజుల్లో మూడుసార్లు వచ్చాం. మీరు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నాలుగు వారాల కింద లిగమెంట్, రెండు వారాల కింద ఇన్‌ఫెక్షన్, ఇవాళ నరికేయడం. ఇంకో రెండు వారాలు ఆగి వస్తే ఏమంటారు, తలా?"

రిసెప్షన్ అమ్మాయి తలుపు దగ్గర నిలబడిపోయింది. బాపు నా చున్నీ కొస పట్టి లాగుతున్నాడు. "ఊకో బిడ్డా, పెద్దసారు." ఆయన కాలు తీసేస్తానన్న మనిషికి ఆయనే మర్యాద కాపాడుతున్నాడు.

అడ్మిట్ చేయలేదు. ఆటోలో ఇంటికొచ్చాం. డ్రైవర్ పాటలు పెట్టాడు, వాడి మీద కూడా అరిచాను.

జూలై 10

ట్రస్టు ఆసుపత్రిలో పాదాల విభాగం అనేది ఒకటి ఉందని పక్క సీటు అమ్మాయి చెప్పింది. వాళ్ల మామయ్యకు అక్కడే నయమైందట. (ఈ ఒక్క వాక్యం ఆ అమ్మాయి చదివినా ఫరవాలేదు.)

డాక్టరు పేరు ఊర్మిళ. యాభై దాటిన పొట్టి మనిషి, అందరూ ఊర్మిళాబెన్ అంటున్నారు, బెన్ అంటే అక్క. బల్ల లేదు. చిన్న స్టూలు మీద కూర్చుని, ఒళ్లో తువ్వాలు పరుచుకుని, బాపు పాదాన్ని ఎత్తి అందులో పెట్టుకుంది. బాపు బిత్తరపోయి రెండు చేతులూ జోడించాడు.

"కాలు ముట్టద్దమ్మా, పాపం తగులుతది నాకు" అన్నాడు తెలుగులో. నేను అనువదించాను.

"నా ఉద్యోగమే ఇది" అంది ఆమె హిందీలో. వేళ్ల వెనకవైపుతో రెండు పాదాలూ తడిమి చూసింది. తర్వాత తుపాకీ లాంటి థర్మామీటర్ పెట్టింది. కుడి పాదం ఎడమదానికంటే ఐదు డిగ్రీలు వేడి. వేడినీళ్ల సంగతి, బొబ్బ సంగతి అడిగింది. చెప్పాను. ఆమె తలెత్తకుండా రాసుకుంది. తిట్టకపోవడమే నాకు నచ్చలేదు.

తర్వాత పెన్ను లాంటి పిడి తీసింది. చివర గడ్డం వెంట్రుకంత నైలాన్ దారం. బాపు చెయ్యి చాపి అడిగి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు. "మోనో దారం" అన్నాడు. "వలలకు వాడ్తరు. చీరకు పనికిరాదు." ఊర్మిళాబెన్ నవ్వింది. అప్పటిదాకా బాగానే ఉన్నాం.

కళ్లు మూసుకోమంది. దారం తగిలినప్పుడల్లా హా అనమంది.

"హా" అన్నాడు బాపు. కాసేపటికి మళ్లీ "హా." బొటనవేలు, మడమ, పక్కన, మధ్యలో. "హా. హా." పదికి పది. ఫస్ట్ క్లాస్. మా వంశంలో ఇన్ని మార్కులు ఎవరికీ రాలేదని చెబుదామని నోరు తెరిచాను.

ఊర్మిళాబెన్ నా వైపు చూసి, పెదాల మీద వేలు పెట్టింది. దారాన్ని పాదానికి జానెడు దూరంలో ఉంచి, గాలిలోనే చెయ్యి కదిపింది. చేతి గాజులు చిన్నగా మోగాయి.

"హా" అన్నాడు బాపు.

ఆమె గాజులు తీసి ఒళ్లోని తువ్వాలు మీద పెట్టింది. పది చోట్లా గుచ్చింది, నెమ్మదిగా, ఒక్కోచోట దారం విల్లులా వంగేదాకా. తర్వాత ఎడమ పాదం కూడా. నేను లెక్కపెట్టాను. బాపు కళ్లు మూసుకునే ఉన్నాడు, చెవి కాస్త ముందుకు వాల్చి, పరీక్ష హాల్లో గంట కోసం చూసే పిల్లాడిలా.

చాలాసేపటికి అన్నాడు:

"షురూ కరో బెన్."

జూలై 11

రోగం పేరు చార్కో పాదం. షుగర్ వల్ల నరాలు మొద్దుబారిన పాదంలో ఎముక విరిగినా మనిషికి తెలియదు. నడుస్తాడు. నడిచేకొద్దీ తక్కినవీ విరుగుతాయి. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు. ఉండేవి వేడి, వాపు. లేనిది నొప్పి. చేత్తో పట్టుకుంటేనే దొరుకుతుంది.

మొదటిరోజే పిండికట్టు వేసి కాలు కింద పెట్టనివ్వకుండా ఉంటే ఇంత జరిగేది కాదట. నెల పోయింది. ఇప్పుడు ఊర్మిళాబెన్ పుండు చుట్టూ జాగ్రత్తగా కట్టు వేసింది, వారం వారం మారుస్తుంది. మూడు నెలలు ఆ కాలు మీద ఒక్క అడుగు పడకూడదు. అప్పుడు కూడా పాదం దక్కితే దక్కినట్టు.

జూలై 12

రెండేళ్లు. రెండేళ్ల నుంచి తెలియడం లేదట.

"ముందుగాల్ల తిమ్మిర్లు అచ్చినయ్" అన్నాడు గోడ వైపు చూస్తూ. "మల్ల గవి గూడ పోయినయ్. మంచిగైందనుకున్న."

"మరి ఏడో నంబరు, పదో నంబరు అని ఎట్ల చెప్పినవ్ బాపూ?"

"చెయ్యి గోడకు పెడ్తుంటి. గోడ గూడ అదురుతది గదా. కాలు మీదనే నిలవడ్డట్టు నిలవడి, చెయ్యి గోడకు ఆనిచ్చేది. ఎవనికి ఎర్క?"

"డాక్టరుకన్న చెప్పద్దా?"

"డాక్టరు అడిగిండా?"

అడగలేదు. అదీ నిజమే. చక్రవర్తి అడగలేదు. ఒక్క ప్రశ్న, ఒక్క చెయ్యి, ఒక్క నైలాన్ దారం, పది పైసల దారం! రేపు కాదు, సెలవు దొరికిన మొదటి రోజే వెళ్తాను. ఊర్మిళాబెన్ రాసిన కాగితం ఆయన ముఖాన కొట్టి వస్తాను.

జూలై 16

వెళ్లాను. నంబర్ తీసుకోకుండా లోపలికి పోయాను. కాగితం బల్ల మీద పెట్టి, దారిలో కంఠస్థం చేసిన ఉపన్యాసం మొదలుపెట్టాను. "నరాలు చచ్చిపోయాయా అని ఒక్కమాట అడిగారా సార్ మీరు?" అన్నది దానికి మకుటం.

ఆయన అరవలేదు. ఫైల్ తెప్పించి, ఫారం తీసి, నా వైపు తిప్పారు.

పంతొమ్మిదో ప్రశ్న. పాదాల్లో స్పర్శ తగ్గిందా, తిమ్మిరి ఉందా? దాని ఎదురుగా ‘లేదు’ గడిలో టిక్కు. పొడుగాటి తోక ఉన్న టిక్కు, మునిసిపల్ తెలుగు బడిలో మొదటి తరగతి నుంచీ నేను పెట్టేదే. ఇంకో పేజీలో ఆయన రాత: ‘విశ్రాంతిలో ఉన్నారు, కూతురు చెప్పింది.’

"మీరు రాసిందే నేను నమ్మాను బేటా."

"ముట్టుకుని ఉంటే నమ్మాల్సిన పని ఉండేది కాదు సార్."

"రోజుకు తొంభై మంది పేషెంట్లు."

"అంటే నూట ఎనభై పాదాలు. ఒక్కటైనా ముట్టుకోండి."

మంచి సమాధానం. మెట్లు దిగుతూ కూడా అనుకున్నాను, మంచి సమాధానం అని. కింద పార్కింగ్‌లో ఎవరిదో స్కూటర్ మీద కూర్చుని ఏడ్చాను.

ఆయనది తప్పే. వందసార్లు రాస్తాను, ఆయనది తప్పే. తప్పే.

బాపుని అడగకుండానే టిక్కు పెట్టాను. పక్క కుర్చీలోనే ఉన్నాడు.

జూలై 17

నిన్నటి పేజీ చింపుదామని పట్టుకున్నాను. దాని వెనకవైపు జూలై పన్నెండు ఉంది, బాపు గోడ సంగతి చెప్పిన రోజు. వదిలేశాను.

ఆగస్టు 2

ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని.

ఇవాళ ఆఫీసులో కరెంటు లేక మధ్యాహ్నమే వచ్చేశాను. బాపు మంచం మీద ఉన్నాడు, కాలు దిండు మీద, భక్త శిరోమణిలా. కట్టు కింది భాగం చూశాను. అడుగు నల్లగా అరిగిపోయి ఉంది. యంత్రం నూనె మరక. దానికి అతుక్కున్న పోగులు, ఆకుపచ్చవి, గులాబీవి.

"పోగులు యాడియి బాపూ? మన ఇంట్ల సాంచ పెట్టినవా?"

బాపు దుప్పటి కట్టు మీదికి లాక్కున్నాడు. అమ్మ వైపు తిరిగాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. రేషన్ బియ్యం కాదు, ప్యాకెట్ బియ్యం. అందులో రాళ్లుండవు.

"నాలుగు దినాలాయె" అంది చివరికి. "నువ్వు ఆఫీసుకు పోంగనే ఆటో అస్తది. నువ్వచ్చే యాళ్లకు దింపిపోతరు. ఇయ్యాల ఖాతాల గూడ కరెంటు లేదు, జల్ది దింపిన్రు."

"నీకు ఎర్కుండే పంపినవా?"

"నేను పంపుడేంది? నా మాట ఎన్నడిన్నడు? కర్ర పట్టుకున్నడు, పోయిండు."

"సేఠ్ ఫోన్ చేసిండు బిడ్డా" అన్నాడు బాపు. "నేను రాకుంటే నా పన్నెండు సాంచలు దేవదాస్‌కు ఇస్తడట."

దేవదాస్ కాక బాపు ఖాతాలోనే పనిచేస్తాడు, మా కింది వీధిలో ఉంటాడు.

"ఇయ్యనీ! నెత్తి మీద పెట్టుకొని ఊరేగనీ! కాలు పోతాంది బాపూ, కాలు!"

"గవి ఇచ్చినంక నేనేంది?" అన్నాడు. చాలా మామూలుగా అడిగాడు, టైమెంత అన్నట్టు. "ఇరవై ఆరేండ్ల సంది గా నడుమ నిలవడ్డ. గిప్పుడు నాకు కాలు తెల్వదని జెప్తే, గిన్నొద్దులు అందరిని మోసం జేసిండంటరు. నొప్పి ఉంటే నేను గూడ పండుకుంటుంటి. నొప్పే లేకపాయె."

"నీకు లేదు. మాకున్నది" అన్నాను.

ఈ డైలాగుకు సినిమాలో అయితే తండ్రి కంట నీరు తిరుగుతుంది. మా ఇంట్లో కుక్కర్ కూసింది. అమ్మ లేచి వెళ్లింది.

ఆగస్టు 4

ఊర్మిళాబెన్ అరిగిన కట్టు కోసి తీసింది. పుండు ఎండుతోంది, కానీ ఇంకో ఎముక జరిగింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"ఇంకొక్క కట్టు వేస్తాను" అంది. "ఇది కూడా ఇలా అరిగి వస్తే మీరు నా దగ్గరకు రావద్దు. పైఅంతస్తులో కోసేవాళ్లుంటారు, అక్కడికి వెళ్లండి. మీ ఖాతాలో ఈ విషయం ఎవరికైనా చెప్పారా?"

బాపు తల అడ్డంగా ఊపాడు.

"ఇన్నాళ్లూ నాకు అబద్ధం చెప్పారు, మీ అమ్మాయికి చెప్పారు, మీ సేఠ్‌కు చెప్పారు. వీళ్లెవరికీ కాలు పోదు రాజనర్సుభాయ్."

కొత్త కట్టు ఆరడానికి బయట స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. బాపు పది నిమిషాలు ఫ్యాన్‌ని చూశాడు. తర్వాత నా ఫోన్ అడిగాడు. తన ఫోన్‌లో సేఠ్ నంబర్ ఉంది కదా అంటే, "గది పట్టుకుంటే గా మాట రాదు" అన్నాడు. ఆ తర్కం కూడా నాకు అర్థం కాలేదు. నంబర్ కలిపి స్పీకర్ పెట్టాను.

అవతల సాంచాల హోరు. బాపు అరవాల్సి వచ్చింది. వరండా అంతా వింటుండగా, నర్సులూ, మూత్రం సీసా పట్టుకున్న ముసలాయనా, అందరూ వింటుండగా అరిచాడు: "సేఠ్, నా పాదానికి ఏమీ తెలియదు! రెండేళ్లయింది! చెయ్యి గోడకు పెట్టి చెప్పేవాణ్ని! గోడకు!"

సేఠ్ హోరులోంచి బయటికి నడిచినట్టున్నాడు, చప్పుడు తగ్గింది.

"ఠీక్ హై, రాజనర్సు. ఆరామ్ కరో" అన్నాడు. పెట్టేశాడు.

పన్నెండు సాంచాలు చేతులు మారడానికి పట్టిన సమయం: ఒక నిమిషం నలభై సెకన్లు. ఇది కూడా ఫోన్‌లోనే ఉంది.

ఆగస్టు 9

రాఖీ పున్నమి. జంధ్యం మార్చుకోవడం మంచం మీదే.

ఆగస్టు 21

ఇంట్లో పిరుదుల మీద జరుగుతూ బాత్రూమ్‌కు వెళ్తున్నాడు. నేల తుడవడం తప్పిందని అమ్మ. నవ్వించడానికే అంది. బాపు నవ్వలేదు. కానీ కాలు కింద పెట్టలేదు. రోజూ ఆఫీసు నుంచి రాగానే కట్టు అడుగు చూస్తున్నాను. తెల్లగా ఉంది. సిగ్గు లేకుండా చూస్తున్నాను, దొంగ జేబులు వెతికినట్టు.

సెప్టెంబర్ 3

రెండు పాదాల వేడిలో తేడా మూడు డిగ్రీలు.

సెప్టెంబర్ 24

ఒకటిన్నర.

ఊర్మిళాబెన్ చెప్పిన ఈ అంకెను దారి పొడుగునా జపించాను. నా ఇంటర్ మార్కులప్పుడు కూడా ఇంత భక్తి లేదు.

అక్టోబర్ 10

కట్టు విప్పేశారు. పాదం ఉంది.

అరికాలి వంపు పోయింది. కింద గుండ్రంగా ఉబ్బింది, పడవ అడుగులాగా. వేడి లేదు. దానికి సరిపోయేలా అచ్చు తీసి బూట్లు చేయిస్తారు, అవి లేకుండా ఇంట్లో కూడా ఒక్క అడుగు వేయకూడదు. ప్రతి సాయంత్రం ఇంట్లో ఎవరో ఒకరు అరికాలు తడిమి చూడాలి. నిలబడి చేసే పని ఇక ఎప్పటికీ లేదు.

"కూసొని?" అన్నాడు బాపు.

"కూర్చొని ఏదైనా" అంది ఊర్మిళాబెన్.

సేఠ్ కబురు పంపాడు, కూర్చొని కండెలకు దారం చుట్టే పని ఉంది రమ్మని. బాపు మూతి ముడిచాడు. "గది ఆడోళ్లు చేసే పని."

"ఇరవై ఏండ్ల సంది నేను చుట్టవడితి" అంది అమ్మ. "నాకేమన్న కొమ్ములు మొలిచినయా? నేర్పిస్త తియ్యి. ముందుగాల్ల దారం తెంపుతవ్, తిడ్త. మల్ల అలవాటైతది."

నాకు సంతోషంగా ఉండాలి. పాదం దక్కింది. కానీ జూన్ పదకొండున ఎవరైనా దాన్ని చేత్తో పట్టుకుని ఉంటే, ఇది మామూలు పాదంలాగే ఉండేది. ఈ కోపం ఎవరి పేరున రాయాలో తెలియడం లేదు. ఎవరి పేరు రాసినా కింద నా పేరు కూడా రాయాల్సి వస్తోంది.

అక్టోబర్ 12

సాయంత్రం దేవదాస్ కాక వచ్చాడు. రెండు నెలల్లో ఇదే రావడం. బాపు సాంచాలు తీసుకున్నందుకు ముఖం చెల్లక రాలేదనుకున్నాను. చెప్పులతోనే గడపలో నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. బాపూ ఆయనా సాంచాల గురించి మాట్లాడుకున్నారు. పదో నంబరు సతాయిస్తోందట. అది ఎప్పుడూ అంతేనని బాపు. చాయ్ తాగాడు. "నీ అసొంటి కాలు ఇంగెవనికి రాదే" అన్నాడు బాపుతో.

మెట్ల దాకా నేను వెళ్లాను. కిందికి ఒక మెట్టు దిగి, ఆగి, గొంతు తగ్గించాడు.

"బిడ్డా, గా దారంతోని చూసే డాక్టరమ్మ యాడ కూసుంటది?"

"ఎవరికి కాకా?"

"నాకు గాదు. మా ఖాతాల ఒకడున్నడు. మా ఊరోడే."

"ఆయనకు తిమ్మిర్లున్నయా?"

"ముందుగాల్ల ఉండెనట. ఇప్పుడేం లేవట. మంచిగనే ఉన్నడు. ఊకెనే, ఒకపారి చూపిచ్చుకుంటే మంచిదని."

నాలో ఏదో భగ్గుమంది. ఆయన కళ్లలోకి చూశాను, ఆయన గోడ మీది కరెంటు మీటరును చూస్తున్నాడు. "ట్రస్టు దవాఖానల, మంగళారం పొద్దుగాల" అన్నాను. "మీ ఊరోనికి జెప్పు, డాక్టరమ్మ ఏదడిగితే గది నిజం జెప్పాలె. ఇంకెవ్వన్ని పంపద్దు, ఆయననే రమ్మను."

"గట్లనే బిడ్డా, గట్లనే."

దిగి వెళ్లిపోయాడు. వీధిలో పిల్లల క్రికెట్ దాటుకుని, సందు మలుపు వైపు, చేతులు వెనక్కి కట్టుకుని, మామూలుగా నడుస్తూ.

మూడో మెట్టు మీద ఆయన కుడి చెప్పు ఉంది.

పైనుంచి చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు ఆగుతాడు, ఇప్పుడు కిందికి చూసుకుంటాడు అనుకుంటూ. కంకర పోసిన చోటు దాటాడు. గాజు పెంకులున్న మురికికాలువ అంచు దాటాడు. ఆగలేదు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి ఏమీ లేదు, మనిషి మాత్రం ఎవరినో పలకరిస్తూ చెయ్యి ఊపుతున్నాడు.

చెప్పు చేతిలో పట్టుకుని, "కాకా, ఆగు, ఆగక్కడ!" అని అరుస్తూ పరిగెత్తాను. పిల్లలు ఆట ఆపేశారు. నేను ఆయన్ని కొట్టడానికే వెళ్తున్నానని వీధి వీధంతా అనుకుంది.

వాళ్లు అనుకున్నది పూర్తిగా తప్పు కాదు.